నాట్లేసిన లాను

విజయనగరంలో మా ఇంటి ముందు లాను రెండు చీరలు పరిచినంత ఉంటుంది. దాన్ని తుంగ పట్టేసింది. లాగితే పైన తెగుతుంది, గడ్డ లోపలే ఉంటుంది, వారానికి మళ్లీ తలెత్తుతుంది.

"ఆదివారం మేస్త్రీ వస్తాడు. ఆలోగా ఇది లానులా కనిపించిందా సరే, లేదంటే టైల్స్ వేయించేసి కారు పెట్టుకుందాం," అన్నారు మావారు హరిబాబు.

పొద్దున్నే చెప్పుల్లేకుండా ఆ గడ్డి మీద నాలుగడుగులు వేయకపోతే నాకు బడిలో పిల్లల ముందు నిలబడే ఓపిక రాదు. అందుకే మంగళవారం సెలవు పెట్టి, నెల్లిమర్ల నుంచి దాలమ్మని రప్పించాను. నలభై ఏళ్లుగా వరిచేలల్లో కలుపు తీసిన మనిషి.

వస్తూనే లానంతా ఓసారి కలియజూసింది.

"ఇందల పంటేటమ్మా?"

"గడ్డే."

"మరి కలుపేటి?"

"అదీ గడ్డే."

"బాగున్నాది సంబడం!" అంటూ కలుపు తవ్వే బొరిగె పట్టుకుని కూర్చుంది.

సాయంత్రానికి బుట్టెడు తుంగ గడ్డలు తవ్వి తీసింది. లాను మాత్రం పందులు కుమ్మినట్టయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. దాలమ్మ రోడ్డు పక్కన గరిక పిలకలు పెరుక్కొచ్చి, నడుం వంచి, వెనక్కి వెనక్కి నడుస్తూ ఆ గుంటల్లో వరసగా గుచ్చసాగింది.

"అయ్యో, గరిక కూడా కలుపే దాలమ్మా!"

"ఇనాయకుడికెట్టే గరికని కలుపంతావేటమ్మా, సదువుకున్నదానివి? ఖాళీ ఒగ్గేస్తే తుంగ మళ్లీ వస్తాది. ఇది దాన్ని రానీదు."

మావారు ఆఫీసు నుంచి వచ్చి చూసి, "కోతలెప్పుడో?" అన్నారు. ఆ రాత్రి నుంచే ముసురు పట్టింది.

ఆదివారం మేస్త్రీ నూకయ్య టేపుతో వచ్చాడు. గజపతినగరం దగ్గర అరెకరం మడి ఉంది అతనికి. గేటు దాటి అడుగు వేయబోయి ఆగిపోయాడు. గరిక ప్రతి పిలకా రెండేసి కొత్తాకులు వేసి నిలబడి ఉంది.

"కొలువు నూకయ్యా," అన్నారు మావారు.

"నాట్లేసిన మడిలో కాలెలాగెడతానండి బాబూ?"

"మడి కాదయ్యా, లాను!"

"ఏదైతేనేటండి, నాటు బతికిపోనాది కదా. నాను తొక్కలేనండి."

"తొక్కితే ఏమవుతుంది? ఇటు చూడు," అని మావారు చెప్పులు విడిచి కాలెత్తారు. ఎత్తిన కాలు అలాగే ఉంచి, రెండు వరసల మధ్య చోటు వెతుక్కుని మెల్లగా దించారు.

"సూసారా, తవరూ తొక్కలేదు!" అని నూకయ్య పకపకా నవ్వాడు.

నేను టీ తెచ్చేసరికి ఇద్దరూ వీధిలో ఉన్నారు. కారుకి ఏ పక్క చోటు సరిపోతుందో టేపు పెట్టి కొలుస్తున్నారు.