ఆరింటి తరగతి నాలుగొందల మీటర్లు

కొరియాలోని గున్సాన్‌లో పొద్దున ఆరింటి ఈత తరగతికి ప్యోన్ సేరిన్ టీచరుగా వచ్చేనాటికి, అక్కడి పన్నెండు మందికీ ఈతంటే ఒకటే: ఫ్రీస్టైల్‌లో ఇరవైసార్లు అటూ ఇటూ తిరగడం. అందరికంటే ముందు బస్సు డ్రైవరుగా రిటైరైన తాక్ గిబోం. అందరికంటే వెనక కూ జోంసున్. అరవై ఎనిమిదేళ్ళ ఆవిడ ముప్ఫై ఏళ్ళు చేపల బజారులో పనిచేసింది. ఆయన్ని ఒకటో నంబరనీ ఆమెను ఆఖరి నంబరనీ పిలిచేవారు.

"నాలుగేళ్ళుగా నా టైము ఒక్క సెకను కూడా మారలేదు" అన్నాడు గిబోం గర్వంగా.

సేరిన్‌కి దిగులేసింది. ఆ సాయంత్రం కూర్చుని నెలకు సరిపడా పాఠాలు రాసింది. ఒకరోజు నీళ్ళలో తేలే పలక పట్టుకుని కాళ్ళ ఈత, ఒకరోజు ఊపిరి బిగబట్టి, ఒకరోజు చిన్న చిన్న దూరాలు వేగంగా. పన్నెండు మందినీ మూడు జట్లు చేసి, ఎవరి శక్తికి తగ్గ దూరం వాళ్ళకిచ్చింది.

"ఇదేం సర్కసండీ టీచరుగారూ" అనేసి గిబోం ఈతకొలను ఆఫీసుకు వెళ్ళి ఫిర్యాదు చేశాడు. ఆఫీసువాళ్ళు పిలిచి అడిగితే, నెలాఖరుదాకా ఆగమంది సేరిన్.

మర్నాడు కాళ్ళ ఈత. జోంసున్ గిబోంను దాటి వెళ్ళిపోయింది.

"అక్కా, అవేం కాళ్ళు" అన్నాడతను రొప్పుతూ.

"పొద్దస్తమానం నిలబడి చేపలు కోసినవి. నువ్వు కూర్చుని బస్సు తోలావుగా తమ్ముడూ."

అయితే చేతులు కూడా వాడి ఈదితే ఆమెకు సగం దూరంలోనే ఊపిరి చాలడం లేదు. సేరిన్ పాఠం మార్చి రాసింది. ఇక రోజూ ఆమెకు ఊపిరి సాధన, గిబోంకు కాళ్ళ సాధన. అతను సణుగుతూనే చేశాడు.

నెలాఖరు శుక్రవారం నాలుగొందల మీటర్ల పందెం పెట్టింది. నెమ్మదిగా ఈదేవాళ్ళు ముందు దూకాలి. పాత వేగాల లెక్కన అయితే పన్నెండు మందీ ఒకేసారి గోడ తాకాలి. అందరికంటే ముందు జోంసున్ దూకింది. మూడు నిమిషాల తర్వాత, చివరగా గిబోం.

ఆఖరి పాతిక మీటర్లలో నీళ్ళు ఉడుకుతున్నట్టు అయ్యాయి. గిబోం ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చాడు. జోంసున్ కాళ్ళ పక్కకు చేరాడు, నడుము దాకా వచ్చాడు. ఆమె ఆ కాళ్ళతోనే ఒక్కసారి నీటిని తన్ని గోడ తాకింది. అతను జానెడు వెనక. మిగతా పదిమంది చేతులూ వరసగా గోడకు తగిలాయి.

"మీరు ఇరవై రెండు సెకన్లు తగ్గారండీ" అంది సేరిన్. గిబోం గడియారం తీసుకుని రెండుసార్లు చూశాడు.

"తగ్గి కూడా ఓడానా?"

"నేను ఇరవై మూడు తగ్గాను మరి" అంది జోంసున్.

గిబోం నవ్వుతూ ఆమె చెయ్యి పట్టుకుని పైకెత్తాడు. రోజూలాగే తరగతి చివర జేజేలు కొట్టడానికి అందరూ చేతులు కలిపారు. టీచరమ్మ చెయ్యి కూడా కలపమన్నారు. సేరిన్ గట్టు మీంచి వంగి చెయ్యి చాపగానే, పన్నెండు మందీ కలిసి ఆమెను బట్టలతో సహా కొలనులోకి లాగేశారు.