నా వైపు కొట్టు

"రా... రా... ఇంకా రా... నా వైపు కొట్టు... చాలు!"

చాలు అన్నాక ట్రైలర్ తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు. డ్రైవరు బ్రేకు తొక్కాడు. వెనక చక్రానికీ గోడౌను మెట్టుకీ మధ్య జానెడు. ఇరవై ఆరేళ్లుగా ఆ కేకా ఆ చెయ్యీ అతని భార్యవే.

ట్రైలర్‌ని వెనక్కి నడిపేటప్పుడు స్టీరింగు ఒక పక్కకి తిప్పితే తోక రెండో పక్కకి పోతుంది. పెళ్లైన కొత్తలో కుడి ఎడమల దగ్గర ఇద్దరూ కొట్టుకు చచ్చేవాళ్లు. ఒకరోజు దీపస్తంభం వంగాక ఆవిడే తేల్చేసింది: అతను కూర్చునే పక్క నీ వైపు, తను కూర్చునే పక్క నా వైపు. ఆ తర్వాత తగువు లేదు.

ఈ మధ్య రెండు కేకలకే ఆవిడకి ఆయాసం వస్తోంది. పాదాలు పొంగి చెప్పుల్లో పట్టడం లేదు. గుండె బాగా అలిసిపోయింది, ఎండలో నిలబడకూడదు అన్నాడు డాక్టరు. అందుకే సరుకు దించగానే అతన్ని కెమెరాల దుకాణానికి లాక్కుపోయింది. అతను గుమ్మం దగ్గరే మొహం ముడుచుకుని నిలబడ్డాడు.

"బండి వెనక ఒకటి పెడితే చాలమ్మా," అన్నాడు దుకాణదారు.

"ట్రైలర్ తగిలించాక అది చూసేది ట్రైలర్ మొహమేగా! మాకు తోక కావాలి బాబూ."

దుకాణదారు నవ్వి, ట్రైలర్ చివర బిగించేవి రెండు తీశాడు. "ఇది వైరు లేనిది. దీనికి వైరుంటుంది, ట్రైలర్ విప్పినప్పుడల్లా ఊడదీయాలి."

"నేను మరిచిపోతాను," అన్నాడు డ్రైవరు ఆశగా. "వద్దులేవే."

ఆవిడ వినిపించుకోలేదు. "వైరు లేనిది మధ్యలో ఆగితే?"

"బండి పొడుగు కదమ్మా, ఒక్కోసారి బొమ్మ అలాగే నిలిచిపోతుంది."

ఆవిడ దాన్ని పక్కకి నెట్టేసింది. "నిలిచిపోయిన బొమ్మ చూసి, వెనక ఎవరూ లేరనుకుని వచ్చేస్తాడు ఈయన. వైరుదే ఇవ్వు. తెగితే తెర నల్లబడుతుంది, దిగి చూసుకుంటాడు. సరేగానీ, నా వైపు ఏ పక్కన కనిపిస్తుంది?"

"మీ వైపంటే ఏ వైపమ్మా?"

"నా వైపంటే నా వైపే!"

ఆ రోజు డ్రైవరుకి మొదటిసారి నవ్వొచ్చింది.

తోకకి కెమెరా, స్టీరింగు పక్కన దాని తెర బిగించేసరికి పొద్దు వాలింది. రెండో సరుకు ఎక్కించుకుని అదే గోడౌనుకి వచ్చారు. ఆవిడ అలవాటుగా తలుపు తియ్యబోయింది.

"కూర్చో. కొన్నది నువ్వేగా," అన్నాడు.

బండి వెనక్కి పోతుంటే ఆవిడ లోపల ఉండటం ఇన్నేళ్లలో అదే మొదలు. వంగి తెరలోకి చూసింది. "అబ్బ, నేను లేకపోతే ఎంత జాగా ఉందయ్యా అక్కడ!"

"నువ్వే అడ్డమని ఎప్పట్నించో మొత్తుకుంటున్నా."

"మొత్తుకుంటావు, మొత్తుకుంటావు." తల సీటుకి ఆనించింది.

మెల్లగా నడిపాడు. చూపంతా తెర మీదే. తోక వంకర తిరిగింది. "నీ వైపు కొట్టనా?" అన్నాడు. జవాబు లేదు. తప్పు తిప్పితే ఊరుకునే మనిషి కాదు, సరిగ్గానే పోతున్నానేమో అనుకున్నాడు. మెట్టు దగ్గరపడింది. "చాలా?" అన్నాడు. చాలన్న మాట రాలేదు. తనంతట తనే బ్రేకు తొక్కి, మెచ్చుకుంటుందేమోనని పక్కకి తిరిగాడు.

ఆవిడ కళ్లు తెర వైపే ఉన్నాయి, రెప్ప పడటం లేదు. చెయ్యి మాత్రం ఒళ్లోంచి జారి సీటు మీద పడి ఉంది. ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

వెనక గేరు తియ్యలేదు. తెర వెలుగుతూనే ఉంది. అందులో గోడౌను గోడ, గోడకి ఆనించి పొద్దున ఆవిడ మరిచిపోయిన గొడుగు. సగమే ముడిచిన దాని గుడ్డ గాలికి కొంచెం కొంచెం కదులుతోంది.