కోసిన తీగ కారుతుంటే

కల్లు లొట్టి పట్టుకుని లూర్దమ్మ పరిగెడుతోంది. ఒక్క లొట్టి ఏ మూలకి, కొండవాలు నిండా ద్రాక్ష తీగలు వరసలు వరసలుగా కారిపోతుంటే! తను కత్తిరించిన ప్రతి కొమ్మ చివరా ఒక నీటిబొట్టు. దాని కింద లొట్టి పెడితే పక్క కొమ్మ కారుతుంది, అటు తిరిగితే ఇటు, ఇంతలో ఆ వరసలు నల్లగొండ పక్కన తన పుట్టినూరి ఈతవనంలోకి దారితీస్తాయి, ఈతచెట్ల మధ్యనే ద్రాక్ష అల్లుకుని ఉంటుంది, దూరాన ఇటలీ మంచుకొండలు ఉన్నచోటే ఉంటాయి, అదేమీ ఆమెకు వింతగా తోచదు. చెట్టు కారడమూ కొత్త కాదు. కల్లుగీసే గౌడు బిడ్డ. ఎంత చెక్కితే ఈత పారుతుందో, ఎంత లోతుకు పోతే చెట్టే ఎండిపోతుందో చిన్నప్పుడే తండ్రి నోట విన్నది. అందుకే ఈ పరుగు. తోట చచ్చిపోతోంది, చంపింది తనే.

"ఏందే లూర్దూ, గట్ల ఉరుకుతున్నవ్? కాలు జారితే కొండ కింద చర్చి కాడ తేలుతవ్!"

తలెత్తి చూస్తే వరస చివర కుర్చీ వేసుకుని నోన్నా. నోన్నా అంటే ఇటలీవాళ్ల మాటలో అమ్మమ్మ. అసలు పేరు జుసెప్పీనా. ఈ ముసలామెను చూసుకోవడానికే లూర్దమ్మ పియెమోంతె కొండల్లోకి వచ్చింది, ఆరేళ్లు వండిపెట్టింది, స్నానం చేయించింది, తల దువ్వింది, మొన్న క్రిస్మస్ వెళ్లిన వారంలో ప్రాణం పోతే కళ్లు మూసింది కూడా తనే. ఆ సంగతి గుర్తుంది. గుర్తుండీ, చచ్చిన మనిషి ఇక్కడేం చేస్తోందని కాదు, ఇంత చక్కటి తెలుగు ఎక్కడిదని ఆశ్చర్యపోతోంది.

"నోన్నా, నీకు మన మాటలు ఎప్పుడొచ్చినయి?"

"సచ్చినంక తీరిక దొరికింది బిడ్డా. నువ్వు మాత్రం ఆరేండ్లు నేనేం చెప్పినా సీ సీ అని తలూపినవ్. ఒక్క ముక్కన్న అర్థమైందా?"

సీ అంటే అక్కడ ఔనని. లూర్దమ్మ సిగ్గుపడుతుంది. వంటింటికీ మందులకూ సరిపడా మాటలు తొందరగానే నేర్చుకుంది గానీ, నోన్నా తోటలో అడుగుపెట్టిందంటే నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు, పైగా అదంతా వాళ్ల కొండ యాస. చెవిటివాడి ముందు శంఖమే. ఈవిడ బుట్ట పట్టుకుని నవ్వుతూ సీ సీ అనేది, ఆవిడ సంతోషంగా ఇంకో గంట చెప్పేది.

ఇప్పుడు నోన్నా ముందు ఒక పొడుగాటి బల్ల ఉంది, దాని చివర కనపడదు, బల్ల మీద గ్లాసులు, గ్లాసుల్లో ఎరుపులూ పసుపులూ, ఇద్దరూ దాని పక్కనే నడుస్తుంటే కాళ్ల కింద నేల రంగు మారుతూ ఉంటుంది.

"మా ఇటలీ గిట్లనే, కాలు లెక్క పొడుగుంటది. ఈ కొస మన పియెమోంతె, నడుమ తొస్కానా, ఆ కొసకు సిసిలీ. జానెడు జరిగితే మన్ను మారుతది, పండు మారుతది, వైను మారుతది. ఇది తాగి చూడు, మన తోటదే, బార్బేరా. జర పుల్లగుంటది, రోజూ బువ్వల తాగేది. ఇది నెబ్బియోలో. కొండ మీద పొగమంచు దిగేదాంక తెంపం. కొత్తల తాగితే నోరంత పిడచకట్టుకపోతది, ఏండ్లకేండ్లు పీపాల వెడితే గప్పుడు దారికొస్తది. మా ఆయన కూడ గంతే."

"ఏండ్లా? మా నాయన పొద్దుగాల దించిన కల్లు పొద్దుగూకేసరికి పులిసిపోయేది."

"గందుకే మీరు పొద్దుగాలనే తాగి పండుకుంటరు."

ఇద్దరూ పడీపడీ నవ్వుతారు. నోన్నా మోకాళ్ల నొప్పి ఏమైందో, లేడిపిల్లలా నడుస్తోంది.

"ఎండకాలంల నేను పచ్చిగుత్తులు కోసి కింద పారేస్తుంటే నీకు పాణం పోయినంత పనయ్యేది. ఎందుకో చెప్పిన, సీ సీ అన్నవ్."

"ఎందుకు నోన్నా?"

"పదిమంది పిల్లలుంటే ఒక్క తల్లి పాలు సాల్తయా? నాలుగు గుత్తులే ఉంచితే నాలుగింటికీ రుచి దిగుతది."

అంతే, తల్లి అన్న మాటకు లూర్దమ్మ ఏడుపు కట్ట తెంచుకుంటుంది. "నీ తోటను సంపిన నోన్నా. నువ్వు పోయే ముందు కత్తెర నా చేతిల పెట్టి ఈ యేడు నువ్వే కొయ్యమన్నవ్. అన్ని వరసలూ కోసిన. చలి పోయి ఎండ తిరగంగనె అన్నీ కారుతున్నయి. చిగురు రాకుంటే తోట పీకిస్తనని నీ మేనల్లుడు చెప్పిపోయిండు."

"పిచ్చిదానా, తీగ సస్తలేదు, నిద్ర లేస్తున్నది. నేల వేడెక్కంగనె వేరు నీళ్లు గుంజుతది. ఆకులింక మొలవలే, ఆ నీళ్లు యాడికి పోవాలె? కోసినకాడికెల్లి కారుతయి. మేము తీగ ఏడుస్తున్నదంటం. ఏడ్చిందంటే పాణమున్నట్టే. ఒక్కటే సూసుకోవాలె, ఆ నీళ్లు మొగ్గ మీద పడొద్దు. అందుకనే కోత మొగ్గకు అవతలికి వాలాలె. యేడాదికోపారి నీ చెయ్యి వట్టి చూపిచ్చుకుంట చెప్పిన గదనే!"

లూర్దమ్మ వెనక్కి తిరిగి వరసలకేసి చూస్తుంది. అన్ని వేల కొమ్మలు, ఏది ఎటు వాల్చి కోసిందో ఒక్కటీ గుర్తులేదు. "యాదిలేదు నోన్నా."

నోన్నా దగ్గరకు జరుగుతుంది. లూర్దమ్మ కుడిచెయ్యి తీసుకుని కత్తెర బొబ్బలు తడిమి చూస్తుంది, ఆ చేతిని తన చెంపకు ఆనించుకుంటుంది. బల్ల లేదు, గ్లాసులు లేవు, చుట్టూ పొగమంచు.

"ఆరేండ్లు నా తల దువ్విన చెయ్యి. నీకు ఒక్కనాడన్న మంచిమాట చెప్పిన్నా?"

"చెప్పే ఉంటవ్. నేనే సీ సీ అన్న." లూర్దమ్మ ముక్కు తుడుచుకుంటుంది. ఇన్నాళ్లూ ఏ భాషలోనూ కుదరని మాట ఇప్పుడు తేలిగ్గా వచ్చేస్తుంది. "నువ్వు నన్ను పక్కన కూసుండవెట్టుకోకుండ ఒక్కపూట బువ్వ తినలే. మా నాయన పోయినప్పుడు నాతోని కలిసి ఏడ్చినవ్. ఊరుగాని ఊర్ల నాకు అమ్మవైనవ్. నీ రుణం తీరేది కాదు."

"సీ, సీ," అంటుంది నోన్నా తల ఊపుతూ, మంచులో ఆ తల కాసేపు అలా ఊగుతూనే ఉంటుంది.

మెలకువ వచ్చేసరికి కిటికీ నిండా ఎండ. లూర్దమ్మ మొహం కూడా కడుక్కోలేదు. నైటీ మీదే కోటు తొడుక్కుని, బూట్లు వేసుకుని తోటలోకి నడిచింది. మొదటి తీగ దగ్గర వంగింది. కోసిన చోట బొట్టు మెరుస్తోంది. చూస్తుండగానే ఆ బొట్టు కోత వాలు వెంట వెనక్కి జారి నేలమీద పడింది. ఇవతలి పక్కన మొగ్గ పొడిగా, నూగు తొడుక్కుని, కొంచెం ఉబ్బి ఉంది. పక్క కొమ్మా అంతే. దాని పక్కదీ అంతే. వరస చివరిదాకా ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది, ఒక్క మొగ్గా తడవలేదు.

"నా చెవులు వినలేదు గని నోన్నా, నా చెయ్యి విన్నది," అని పైకే అన్నది, తెలుగులోనే.