బుడగ ఈత మానేసింది

ఈతకొలను దగ్గర అందరూ ఆమెను బుడగ అనేవాళ్లు. నేర్చుకునే కొత్తలో నీళ్లలో మునిగి బుడగలు వదలడం తప్ప ఇంకేమీ చేసేది కాదని కోచ్ పెట్టిన పేరది. ఆ బుడగే పెద్దదై, జాతీయ జట్టు ఎంపిక పోటీలో అందరికంటే ముందు గోడ తాకింది.

తాకి, తలెత్తి బోర్డు మీద తన పేరు చూసింది. ఎవరి పేరో చదివినట్టు అనిపించింది. గట్టు మీద కోచ్ గంతులేస్తున్నాడు. నవ్వాలి కాబట్టి నవ్వింది. తర్వాత షవర్ కింద కూర్చుండిపోయింది. నీళ్లు ఎప్పుడో చల్లబడ్డాయని, తుడిచే ఆవిడ వచ్చి కుళాయి కట్టేశాక గానీ తెలియలేదు.

మర్నాటి నుంచి కొలనుకి వెళ్లలేదు. ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. పెడితే తింది, లేకపోతే లేదు.

వాళ్లక్కకి జుట్టు కత్తిరించే దుకాణం ఉంది. కొన్నాళ్లు చూసి, "బల్లిలా మంచానికి అతుక్కుపోయావు. వచ్చి తలలన్నా కడుగు" అని లాక్కెళ్లింది. డాక్టరమ్మ దగ్గరికీ అక్కే తీసుకెళ్లింది. ఆవిడ మాత్రలు రాసి, వారంవారం వచ్చి మాట్లాడమంది.

"మాట్లాడ్డానికి ఏమీ లేదండీ."

"అదే వచ్చి చెప్పు."

బుడగ తలలు కడిగింది. ముక్కూమొహం తెలియనివాళ్లు కళ్లు మూసుకుని తల బరువంతా ఆమె చేతుల్లో పెట్టేవాళ్లు. ఒకరోజు తనే కత్తెర అడిగింది. చిన్నప్పుడు జుట్టు కత్తిరిస్తా, బస్సు నడుపుతా, సముద్రం ఈదుతా అని రోజుకో మాట చెప్పేది. పతకాలు మొదలయ్యాక మిగతావన్నీ అటకెక్కాయి.

కోచ్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "కత్తిరించు."

"నాకింకా సరిగ్గా రాదు సార్."

"ఉన్నదే నాలుగు వెంట్రుకలు. పోతే పోయాయి."

కత్తిరిస్తూ, అద్దంలో అతన్ని చూస్తూ చెప్పింది. "గెలిచాను కదా సార్. ఏమీ అనిపించలేదు."

"అలసిపోయావనుకున్నాను. అడగాల్సింది."

"అడిగినా చెప్పేదాన్ని కాదు."

జట్టులో ఆమె చోటు వేరే అమ్మాయికి ఇచ్చారని చెప్పాడు. బుడగ తల ఊపి, మెడ మీద వెంట్రుకలు దులిపింది. అతను అద్దంలో చూసుకుని, "చెవులు మిగిల్చావు, చాలు" అని లేచాడు. రమ్మని మాత్రం అనలేదు.

ఎండలు ముదిరాక, ఒక పొద్దున తనే వెళ్లి నీళ్లలో దిగింది. అప్పటి నుంచి పొద్దున కొలను, మధ్యాహ్నం దుకాణం. మాత్రలు మానలేదు. హుషారేమీ రాలేదు, వెళ్లొచ్చేది అంతే.

మరుసటి ఏడు పోటీలో నాలుగోదిగా వచ్చింది. ముగ్గురినే తీసుకున్నారు. బట్టలు మార్చుకునే గదిలోంచి అక్కకి ఫోన్ చేసింది.

"ఎలా ఉంది?" అంది అక్క.

"కడుపు మండిపోతోందక్కా. గోడ దగ్గర వెనక్కి తిరగడంలో పోగొట్టుకున్నా."

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"ఓడింది నేనైతే నువ్వేడుస్తావేంటి?"

"ఏం లేదులే. మండనీ."

ఫోన్ పెట్టేసి, తువ్వాలు భుజాన వేసుకుని, తడికాళ్లతోనే కోచ్‌ని వెతుక్కుంటూ వెళ్లింది. ఆ మలుపు గురించి అతనితో పోట్లాడాలి.