నల్లయంచు లగ్నపత్రిక

ఆషాఢమంతయు అణగియుండిన మంగళవాద్యములు శ్రావణాగమనముతో మరల గొంతు సవరించుకొనుచుండగా నీలజీమూతసంవృతమైన గగనమునుండి సన్నని తుంపర పిఠాపురపు పెంకుటిండ్లపై కురిసి కురిసి తానును విసిగినదానివలె ఒకపరి నిలిచి మరల కురియుచుండెను. గోడలు చెమ్మగిల్లెను. అగ్గిపుల్లలు వెలుగవయ్యెను. మధ్యాహ్నమో సాయంకాలమో తెలియరాని ఆ మసకవెలుతురులో తూర్పువీధిలోని ఒక పాతయింట ఇరువురు వృద్ధసోదరులు రెండు గుమ్మములవెంట రెండు బ్రతుకులు బ్రతుకుచుండిరి.

జ్యేష్ఠుడగు గౌరీపతిశాస్త్రి వివాహోపనయనాది శుభకర్మలు చేయించు పురోహితుడు. కనిష్ఠుడగు విరూపాక్షము పోయినవారికి పైలోకపు దారి చూపు అపరకర్మ బ్రాహ్మణుడు. ఇరువురును ఒకే తండ్రి పాదములచెంత ఒకే వేదము వల్లించినవారే. అయినను అన్నను ఆదరించి పిలుచువారు తమ్ముడెదురైన మొగము త్రిప్పుకొనువారగుటచే తమ్ముడు పెరటిగుమ్మమున వచ్చి పెరటిగుమ్మముననే పోవుటయు పొరుగూరి యజమానులకు ఆ యింట అట్టివాడొకడున్నాడను మాటయే పొక్కనీయకుండుటయు ఏండ్లతరబడి సాగుచుండెను. ఆ దాపరికము ఇరువురిని అలయించెను గాని మానుకొను ఉపాయమెవ్వరికిని తోచలేదు.

నూతిచేద మొదలుకొని బట్టలారవేయు దండెమువరకు సమస్తమును వేరైన ఆ యింట ఒక్క వస్తువు మాత్రము ఉమ్మడియై నిలిచెను. అది ప్రింటరు. ముహూర్తగణితమునకై అన్నగదిలో ఒక కంప్యూటరును కర్మపత్రికలకై తమ్ముని గదిలో ఒకటియు కొలువుపనికై తమ్ముని కూతురు మైత్రేయి మేడగదిలో మరియొకటియు ఉండగా మూటికి మూడు ప్రింటర్లేల దండుగ యని ఆ పిల్లయే నడుమగదిలో ఒక్కదానిని నిలిపి వైఫైతో మూటికిని ముడివెట్టెను. ఎవరి గదిలో వారు కూర్చుండి మీట నొక్కిన చాలును. ఒకరి గడప నొకరు త్రొక్కనక్కరలేదు. కాని కంప్యూటర్లు మూడైనను కాగితములుంచు ట్రే యొక్కటియే కదా. కావున నొక కట్టుబాటేర్పడెను. ట్రేలో ఎల్లవేళల లగ్నపత్రికలకై నాలుగుమూలల పసుపు రాచి ఆరబెట్టిన కాగితములే యుండవలెను. తమ్ముడు కర్మపత్రికలకై తన నల్లయంచు కాగితములు పెట్టుకొన్నచో పని ముగియగనే వానిని తీసి పసుపుకాగితములు యథాస్థానమున నుంచి పోవలెను.

ఆనాడు కాలముచేసిన ఒక ముసలమ్మ కర్మపత్రికలు సగము వెలువడునంతలో కరెంటు పోయెను. అదే సమయమున మరియొక యింట ఎవరో కాలముచేసిరని విరూపాక్షమునకు పిలుపు వచ్చెను. చావు వానకాగదు. ఆ వృద్ధుడు ఉత్తరీయము నెత్తిపై కప్పుకొని కట్టుబాటు మరచి పెరటిదారిన వెడలిపోయెను.

కరెంటు వచ్చునప్పటికి తునినుండి బట్టలవర్తకుడు గ్రంధి పాండురంగయ్యయు అతని అప్ప శేషారత్నమును పాండురంగయ్య కూతురి లగ్నపత్రికకై వచ్చి వీథిగదిలో కూర్చుండిరి. శాస్త్రి తన గదిలో మీట నొక్కెను. ఆయన భార్య వర్ధనమ్మ నడుమగదిలో వెలువడిన కాగితమును అలవాటు చొప్పున మడిచి మడతపై కుంకుమబొట్టుంచి తాంబూలపుపళ్లెరమున నిడి తెచ్చి అతిథులకందించెను. దీపము వేయని ఆ గదిలో చత్వారపు కన్నులకు అంచు కానరాలేదు.

పాండురంగయ్య కన్నులకద్దుకొని మడత విప్పెను. లగ్నము చుట్టును నల్లయంచు కనబడెను.

"ఏవండీ శాస్త్రిగారూ! ఇదేంటండీ బాబూ?"

శేషారత్నము తొంగిచూచి గుండెలపై చేయి వైచుకొనెను. "చావు కాగితం తమ్ముడూ! పిల్ల పెళ్లికి చావు కాగితం చేతిలో పెట్టారు. పసుపేదీ? అయ్యో, పసుపేదీ!"

వర్ధనమ్మ వెలవెలబోయి "బజారు నుంచి తెచ్చిన కట్టలో కలిసొచ్చిందేమోనమ్మా, కళ్లు కనపడక..." అని గొణిగెను.

వర్తకుడు మంచివాడు. ఆ మాటనే ఆధారముగ పట్టుకొని "అంతేనంటారా? అలాగైతే ఆ మాట మీ నోటితో అనేయండి శాస్త్రిగారూ, దీన్ని చింపేసి ఇంకోటి తీయించుకుపోతాం. మీ ఇంట్లో శవాల బ్రాహ్మడున్నాడని మా ఊళ్లో ఎవరో కూశారు. నేను నమ్మలేదండి" అనెను.

ఒక్క అబద్ధము. అంతమాత్రమున ఆ పెండ్లియు దానివెంట తునిలోని సమస్తశుభకార్యములును నిలుచును. శాస్త్రి నోరు తెరవబోయి నడుమగది ద్వారమువెంట పెరటివైపు చూచెను. శ్మశానమునుండి తిరిగివచ్చిన తమ్ముడు పెరటినుండియే వీథిగుమ్మమున పరాయి చెప్పులు కాంచి లోపలికి రాక దగ్గు వినవచ్చునేమోయని ఉత్తరీయము నోటికడ్డము పెట్టుకొని చూరుధారలక్రింద వణకుచు నిలిచియుండెను. ఎన్ని పర్యాయములట్లు నిలిచెనో అన్న యెన్నడును లెక్కింపలేదు. ఆనాడు చూచెను. చూచి వర్తకునివైపు తిరిగెను.

"కట్టలో రాలేదు నాయనా. అవి మా తమ్ముడి కాగితాలు. వాడు అపరకర్మలు చేయిస్తాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లోనే ఉన్నాడు. అదుగో, వానలో."

శేషారత్నము లేచెను. "ఆ గాలి తగిలిన చేత్తోనా మా పిల్లకి మంగళసూత్రం అందిస్తారు?"

"ఆ చెయ్యి పడకుండా ఏ ఇల్లూ గడవదమ్మా" అని శాస్త్రి కోపములేక బదులుపలికెను. అలసట మాత్రముండెను.

"ఆడపిల్ల పెళ్లండి, ఏమీ అనుకోకండి" అని పాండురంగయ్య పళ్లెరమును నేలపై మెల్లగ పెట్టి అప్ప వెనుక వెడలిపోయెను.

విరూపాక్షము చూరుక్రిందనుండియే పలికెను. "మతిమరుపు నాదే అన్నయ్యా. అమ్మాయీ నేనూ ఎక్కడైనా గది చూసుకుంటాం. నీ నోటి దగ్గర కూడు..."

"ముందు లోపలికి రారా."

"నీళ్లు పోసుకోలేదింకా."

"పోసుకునే రా. వానలో నిలబడి ఈ పంచాయితీ ఏవిటి, మళ్లీ దగ్గు పట్టుకుంటే కషాయం కాచలేక మీ వదిన చావాలి."

వర్ధనమ్మ కొంగుతో కన్నులొత్తుకొనుచు "కాస్తాను. ఇక శ్రావణమంతా గోళ్లు గిల్లుకుంటూ కూర్చోడమేగా మన పని" అని దెప్పెను.

"కూర్చుందాం. నాకూ నడుం పడిపోయింది" అనెను శాస్త్రి.

విరూపాక్షము నూతికడకు పోయెను. చీకటిపడులోపల ముసలమ్మ కొడుకు పత్రికలకై వచ్చును. చచ్చినవారి బంధువులకు కబురందకున్న ఆ తప్పు తీరదు. శాస్త్రి మెల్లగ లేచి నడుమగదికి పోయి బల్లపైనున్న తమ్ముని కట్టనుండి తానెన్నడును ముట్టని నల్లయంచు కాగితములను తీసి అంచులు సరిచేసి ట్రేలో నింపెను. పిదప మేడవైపు మొగమెత్తి కేకవేసెను.

"అమ్మాయీ! మీ నాన్న పత్రికలు నీ కంప్యూటర్లో కూడా ఉన్నాయిగా? మిగిలినవి వదులు!"

"మీ పసుపు కాగితాలున్నాయేమో చూడండి పెదనాన్నా!"

"నల్లవే పెట్టాను. వదులు."

యంత్రము రొదచేసెను. శుభాశుభములను రెండు గుమ్మములకు పంచియిచ్చి తానెటునుండి వచ్చెనో ఎటు పోవునో మరచు లోకపు తీరును గూర్చి యోచించుటకు సయితము ఓపికలేక ఆ పురోహితుడు చేయి సాచి నిలిచియుండెను. ముసలమ్మ పేరు వహించిన పత్రిక వెలువడి ఆయన అరచేత వ్రాలెను. ఏండ్లతరబడి లగ్నపత్రికలనందుకొన్న ఆ చేతికి అదియును అంత వెచ్చగనే తగిలెను.