హ్యాపీ గుడ్ ఫ్రైడే

దోహాలో దేవుళ్ళందరికీ శుక్రవారమే సెలవు. ఉగాది ఏ మంగళవారం వచ్చినా మా తెలుగు సంఘం దాన్ని శుక్రవారం దాకా ఆపుతుంది. వినాయకుడు మూడు రోజులు ఆలస్యంగా పుడతాడు. ఒక ఏడాది రాములవారి కల్యాణానికి పంతులు దొరకలేదు గానీ శుక్రవారం దొరికింది, అదే ముహూర్తం అనుకున్నాం. అలాంటి మాకు తొంభై ఎనిమిది ఏప్రిల్లో ఒక సంగతి తెలిసింది. ఎవరూ వాయిదా వెయ్యక్కర్లేకుండా తనంతట తానే శుక్రవారం వచ్చే పండగ ఒకటుందని.

కనిపెట్టింది మా ఆయన ఆనందరావు గారే. సంఘానికి కార్యదర్శి, ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సైట్ ఇంజనీరు. "పేరులోనే గుడ్ ఉంది వేదా, ఇంతకన్నా మంచి రోజేముంటుంది?" అని అల్ మన్సూరాలోని మా ఫ్లాట్లో విందు పెట్టేశారు. ఆరు కుటుంబాలు, చికెన్ బిర్యానీ, అంత్యాక్షరి. మా అమ్మాయి తన్మయి చార్టు మీద 'హ్యాపీ గుడ్ ఫ్రైడే' అని రాసి చుట్టూ బెలూన్లు గీసింది. ముఖ్య అతిథి ఎస్తేరు రాణి. బాపట్ల అమ్మాయి, ఇక్కడ నర్సు, మాకు తెలిసిన ఒకే ఒక్క క్రైస్తవురాలు. పండగ ఎలా చేస్తారో ఆ పిల్లని అడుగుదామని ఎవరికీ తోచలేదు. పెళ్ళికూతుర్ని అడిగి పెళ్ళి చేసే అలవాటు మనకెక్కడిది?

వంట రాజనర్సుది. ఆర్మూరు దగ్గరి మనిషి, మా ఆయన సైట్లోనే సెంట్రింగ్ పని చేస్తాడు. ముఐథర్ వైపు కూలీల క్యాంపు నుంచి బస్సు పట్టుకుని వచ్చి, సంఘం విందు ఎప్పుడున్నా వండిపెడతాడు. ఆ రోజు ఉల్లిగడ్డలు కోస్తూ రెండుసార్లు అడిగాడు.

"అమ్మా, సారు నా ముచ్చట మేనేజర్‌తోని మాట్లాడిండా? నన్ను వాపస్ తోలిస్తరని క్యాంపుల అంటున్నరు. మా గంగామణి ఊరంత జెప్పుకుంటుంది, మా ఆయన దుబాయిల ఉన్నడని. మా దిక్కు గల్ఫంటే అంత దుబాయే. వచ్చి పది నెలలే అయితుంది."

"మాట్లాడతారులే" అన్నాను. అబద్ధమాడటం నాకు బాగానే వచ్చు.

అసలు సంగతి నాకు గురువారమే తెలుసు. సైట్లో నాలుగు స్తంభాలు ఉండాల్సిన చోటుకి ముప్పై సెంటీమీటర్లు పక్కన లేచాయి. గుర్తులు గీసింది మా ఆయన, డ్రాయింగ్ తిరగేసి చూసుకుని. రాజనర్సు ఆ గీతల మీదే చెక్కలు బిగించాడు. కాంక్రీటు పోశాక గానీ ఎవరికీ తెలియలేదు. మేనేజర్‌కి ఒక పేరు కావాలి. 'గుర్తులు చూసుకోకుండా రాజనర్సు బిగించాడు' అని మా ఆయన కాగితం రాసి బ్రీఫ్‌కేసులో పెట్టుకున్నారు. శనివారం పొద్దున అది ఇస్తే సోమవారం విమానంలో రాజనర్సు ఇంటికి వెళ్తాడు, మళ్ళీ వీసా రాదు.

ఇదంతా అన్నం తింటూ చెప్పారు. "నా పేరు రాస్తే నా ఉద్యోగం పోతుంది వేదా. తన్మయి చదువు మధ్యలో ఉంది." నేను ఆయనకి మజ్జిగ పోశాను.

ఎస్తేరు తెల్లచీర కట్టుకుని వచ్చింది. ఇక్కడ చర్చి లేదు గనక ఎవరింట్లోనో తలుపులేసుకుని ప్రార్థన చేసుకుని, అటు నుంచి అటే వచ్చిందట. చార్టు వంక చాలాసేపు చూసింది.

"అంటే... ఇవాళ మేం ఉపవాసమండి. ప్రభువు చనిపోయిన రోజండి."

తన్మయి వెళ్ళి చార్టుకి అడ్డంగా నిలబడింది. అతిథుల్లో ముందుగా తేరుకున్నది నిరంజన్ గారు. "అయ్యయ్యో! మరి బిర్యానీ?"

"చల్లారిపోతుందండి, మీరు కానివ్వండి" అంది ఆ పిల్ల.

అందరూ బరువెక్కిన గుండెలతో తినడానికి కూర్చున్నారు. సంతాపం వల్ల ఆకలి తగ్గినట్టు లేదు, లెగ్ పీసులన్నీ ముందే అయిపోయాయి.

"చావుకి గుడ్ అని పేరేమిటమ్మా?" అన్నారు మా ఆయన, కార్యదర్శి హోదాలో.

"ఏ తప్పూ చెయ్యనాయన మన తప్పు నెత్తినేసుకుని పోయాడండి. అందుకని మంచిది. మనకండి, ఆయనకి కాదు."

"శిక్ష వేసిందెవరు?" అన్నాను నేను.

"పిలాతు అని, అక్కడి అధికారండి. ఈయన తప్పేమీ లేదని ఆయనకి తెలుసండి. వాళ్ళావిడ కూడా కబురంపింది, ఆ మంచాయన జోలికి పోవద్దని."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. "విన్నాడా?"

"ఎక్కడండీ! ఉద్యోగం ముఖ్యం కదండీ. జనం ముందు నీళ్ళు తెప్పించుకుని చేతులు కడిగేసుకున్నాడు, నాకేం సంబంధం లేదని."

"చాలా లోతైన విషయం" అని మా ఆయన తల ఊపి, కంచం పక్కకి జరిపారు. బాత్రూము ఒకటే గనక రాజనర్సు బేసినూ చెంబూ పట్టుకుని హాల్లోకి వచ్చాడు. మా ఆయన చేతులు చాపారు. రాజనర్సు చెంబు వంచబోయాడు.

ఆవిడెవరో కనీసం కబురైనా పంపింది. నేను మజ్జిగ పోశాను. అంత సిగ్గు నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

లేచి వెళ్ళి చెంబు లాక్కున్నాను. "ఏవండీ, ఆ గుర్తులు గీసిందెవరు?"

"తర్వాత మాట్లాడదాం వేదా."

"లోపల కాగితంలో ఇతని పేరు రాశారు. గీసిందెవరో ఇతనికి చెప్పండి."

ఆరు కుటుంబాలు నమలడం ఆపాయి. మా ఇల్లు ఆ ఉద్యోగం మీదే నడుస్తోందని నాకు తెలియక కాదు. రాజనర్సు నేల చూస్తూ నిలబడ్డాడు.

"నాకెర్కనే అమ్మా. సారు గీసినప్పుడు నేను పక్కకే ఉన్న గద. సారే జెప్తడని సూస్తున్న."

అందులో రవ్వంత కోపం ఉన్నా బాగుండేది. మా ఆయన వేళ్ళకి మెతుకులు ఎండుతున్నాయి. ఎవరి ముఖమూ చూడకుండా, చివరికి, "నేనే" అన్నారు. "డ్రాయింగ్ నేనే తిరగేసి చూశాను."

బ్రీఫ్‌కేసు తెచ్చి ముందు పెట్టాను. ఎడమచేత్తో కాగితం బయటికి తీశారు, చింపడానికి పళ్ళ సాయం కావలసి వచ్చింది. కొత్తది రాయాలంటే మాత్రం కుడిచెయ్యే కావాలి.

చెంబు రాజనర్సు చేతికి తిరిగిచ్చాను.

"ఇప్పుడు నీళ్ళు పొయ్యి. సారు తన పేరు రాసుకోవాలి."