రెక్క వెనకంచు

అప్పాల డబ్బా అడుగున పెట్టాలా పైన పెట్టాలా, అడుగున పెడితే నలిగిపోతాయి, పైన పెడితే జిప్పు పట్టదు, అవ్వా గన్ని పెట్టకే, నేను విమానం నడుపుడు నేర్వపోతున్న, దుకాణం పెట్టనీకి కాదు అంటూ నవ్వుతుంది దీప్తి, నా కొడుకు దశరథం రెండో కూతురు, నవ్వితే అచ్చం వాళ్లక్కలాగే ముక్కు మీద ముడతలు, వాళ్లక్క మమత బ్యాగు కూడా నేనే సర్దాను, నీలిరంగుది, ఇదే మంచం మీద, ఇదే చదువుకు, నేనా బడి మెట్టెక్కనిదాన్ని, ఈ మనవరాళ్ల పుస్తకాల్లోనే అక్షరాలు పట్టుకున్నదాన్ని, విమానాల పుస్తకం ఎన్నిసార్లు చదివినా ఒకటే భయం, రెక్క వెనకంచున తలుపు రెక్కల్లా ఆడే ఆ పలకలు ఊడితే ఎట్ల బిడ్డా, ఊడయే, అవేమన్న మన బాయికాడి మోటరు డబ్బా మూతనా, గిటు చూడు అని చేతులు రెండూ చాపి కుడి వేళ్లు పైకి, ఎడమ వేళ్లు కిందికి వంచింది, కుడి పలక లేస్తె గాలి ఆ రెక్కను కిందికి నూకుతది, ఎడమది దిగితె ఆ రెక్క లేస్తది, విమానం కుడికి వాలుతది, తోక మీది పలకలు లేపితె తోక దిగి ముక్కు లేస్తది, నిలువు పలక తిప్పితె ముక్కు పక్కకు మళ్లుతది, గంతే, అంటే తూర్పార పట్టేటప్పుడు చేట కొంచెం వంచితే గాలి చేటనే లాక్కుపోయినట్టు, అది నా మణికట్టుకు తెలిసిందే, గాని అవ్వా, గాలి ఎదురొచ్చి తగుల్తెనే వాటికి బలం, తగలకుంటె ఎంత తిప్పినా ఉత్తదే,

ఉత్తదే, ఆ మాట దగ్గర నా చేయి ఆగిపోయింది, దీప్తి కూడా నవ్వడం ఆపింది, కూలిపోయిన మమత విమానంలో ఏ పలకా ఊడలేదని విచారించినవాళ్లు చెప్పారు, దిగేటప్పుడు వేగం తగ్గిపోయిందని, పిల్ల పలకలు తిప్పుతూనే ఉందని, వాటికి చాలినంత గాలి తగల్లేదని,

వాకిట్లో ఆటో చప్పుడు, దశరథం లోపలికి వచ్చి నా వైపు చూసి తల దించుకుంటాడు, నా కాళ్లు వాటంతటవే వంటింటి వైపు తిరుగుతాయి, మొగుడు పోయిన ఆడది ప్రయాణానికి ఎదురు రాకూడదు, ఆ రోజూ నేనే వెళ్లి తలుపు వెనక నిలబడ్డాను, అవ్వా యాడున్నవే, పోయొస్తనే అని కేకేసింది మమత, పైలం బిడ్డా అన్నాను గోడ వైపు తిరిగి, చెప్పుల చప్పుడు విన్నాను, ముఖం చూడలేదు, ఇప్పుడు దీప్తి నా కొంగు పట్టుకుంది, మల్ల దాసుకుంటున్నవా ముసల్దానా, నువ్వు ముంగటికి రాకుంటె నేను ఆటో ఎక్క, వద్దు బిడ్డా, ఏదన్న అయితే, బాపూ నువ్వన్న చెప్పు, రా అమ్మా అంటున్నాడు దశరథం, ఏదన్నా అయితే, అయితే ఏమిటి, ఆ రోజు నేను తలుపు వేసుకున్నాను కదా, నా నీడ కూడా మమత మీద పడనివ్వలేదు కదా, గడప దాటి వచ్చి ఆటో ముందు దీప్తికి ఎదురుగా నిలబడ్డాను, కళ్లు, ముక్కు, గడ్డం, అన్నీ చూశాను, దాక్కున్నందువల్ల ఎవరూ తిరిగి రారు, మమత తిరిగి రాలేదు, ఆ విమానం కూలింది రెండువేల పంతొమ్మిది, కార్తీక మాసం, శుక్రవారం.